స్కాలర్‌షిప్ ఆగిపోయిన తరువాతి మూడేళ్లు

మా అమ్మ గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే కూలిపనికి వెళ్లేది. 2017లో నేను లాసెట్ రాసి ఐదేళ్ల లా కోర్సులో సీటు తెచ్చుకునే నాటికి ఫీజు కట్టే స్తోమత మాకు లేదు. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ లేకపోయి ఉంటే నాకు ఈ నల్లకోటు దక్కేది కాదన్న సంగతి ముందుగా చెప్పడం నా ధర్మం.

మొదటి ఏడాది నన్ను బాగా కష్టపెట్టింది డబ్బు కాదు, ఇంగ్లీషు. ఇంటర్ వరకు తెలుగు మీడియంలో చదివిన నాకు 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని ‘కన్సిడరేషన్’ అన్న మాట మూడు వారాలపాటు కొరుకుడు పడలేదు. హాస్టల్లో ఒక సీనియర్ అక్క ‘ప్రతిఫలమే కదమ్మా’ అనగానే, అమ్మ ఒలిచిన కాయలను తూకం వేసి ఇచ్చే కూలి గుర్తుకొచ్చి, ఆ అధ్యాయమంతా ఒక్క రాత్రిలో అర్థమైంది. అప్పటినుంచి ప్రతి సెక్షన్‌నూ మొదట తెలుగులో చెప్పుకుని, ఆ తరువాతే ఇంగ్లీషులో రాసేదాన్ని.

స్కాలర్‌షిప్‌లో ట్యూషన్ ఫీజు, అంటే మేమంతా ఆర్‌టీఎఫ్ అని పిలిచేది, ఒక భాగం; ఖర్చులకిచ్చే ఎంటీఎఫ్ మరొకటి. చివరి ఏడాది ఒక విడత విడుదల కాలేదన్న కారణంతో కాలేజీవారు నా సర్టిఫికెట్లు నాలుగు నెలలు ఆపేశారు. ప్రభుత్వం చెల్లించవలసిన బాకీకి విద్యార్థిని బాధ్యురాలిని చేయడం అన్యాయమని ఆనాడూ నమ్మాను, ఈనాడూ నమ్ముతున్నాను. నేను రాసిన మొట్టమొదటి అర్జీ ఏ క్లయింటు కోసమో కాదు, నా సర్టిఫికెట్ల కోసమే. చివరకు డబ్బు పడిన తరువాతే అవి చేతికొచ్చాయి.

2022లో న్యాయవాదిగా నమోదు చేసుకోవడానికి బార్ కౌన్సిల్ అడిగిన రుసుము కట్టేందుకు అమ్మ తన చీటీ నష్టానికి పాడుకుంది. 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం ప్రకారం నమోదు రుసుము మొత్తం 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 125 రూపాయలు మాత్రమేనని, అంతకు మించి వసూలు చేయరాదని సుప్రీంకోర్టు 2024 జులై 30న తీర్పు చెప్పింది. అది ఆపై నమోదయ్యేవారికే వర్తిస్తుంది కాబట్టి నాకు రూపాయి కూడా తిరిగి రాలేదు. అయినా నా వెనుక వచ్చే పిల్లల తల్లులకు ఆ చీటీ మిగిలినందుకు ఎంతో సంతోషించాను.

అసలు కష్టం ఆ తరువాతే మొదలైంది. బ్రాడీపేటలోని సీనియర్ గారి ఆఫీసులో పని నేర్చుకోవడానికి కొదువ లేదు. వాయిదాలు డైరీకెక్కించడం, కోర్టు కాగితాల నకళ్ల కోసం కాపీ అప్లికేషన్లు వేయడం, ఆయన మరో కోర్టులో ఉంటే లేచి నిలబడి పాసోవర్, అంటే కేసును కాసేపాగి పిలవమని అడగడం, ఇదంతా చదువే. కానీ ఆ చదువుకు స్కాలర్‌షిప్ లేదు. 2019లో వచ్చిన లా నేస్తం పథకం కింద జూనియర్లకు నెలకు 5,000 రూపాయలు ఇచ్చేవారు. నాకు అందిన ఆ కొద్ది నెలలూ గది అద్దె గురించి బెంగ లేకుండా కోర్టుకు వెళ్లాను. నాతోపాటు స్కాలర్‌షిప్ మీద చదివిన నలుగురిలో ఇద్దరు రెండో ఏడాదిలోనే ప్రాక్టీసు వదిలేశారు. వారిలో ఒకామె నాకన్నా చాలా బాగా వాదించేది. ఐదేళ్లు చదివించిన ప్రభుత్వం, నిలదొక్కుకోవలసిన మొదటి మూడేళ్లలో చేయి వదిలేస్తే, ఆ ఐదేళ్ల ఖర్చులో సగం వృథా అవుతుందని నా అభిప్రాయం. జూనియర్ల భృతిని స్కాలర్‌షిప్‌కు కొనసాగింపుగా, అదే దరఖాస్తు మీద, నెలనెలా ఇవ్వాలి.

పోయిన వేసవిలో భరణం కోసం ఒకామె మా ఆఫీసుకు వచ్చింది. మాట్లాడుతూ మాట్లాడుతూ కన్నీళ్లు వచ్చాయి. ఆమె వేళ్లతో తుడుచుకోలేదు, మోచేతి దగ్గరి జాకెట్టు అంచుతో అద్దుకుంది. మిరపకాయలు ముట్టుకున్న చేతిని కంటి దగ్గరకు పోనివ్వని ఆ అలవాటు నేను ఇంట్లో చిన్ననాటినుంచి చూసిందే. ‘ఏ మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనమ్మా?’ అని అడిగాను. ఆమె ఆశ్చర్యపోయి చెప్పింది. ఆ వెంటనే ‘ఫీజెంతవుతుందమ్మా?’ అంది. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆడవారికి ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుందని చెప్పి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఇవ్వవలసిన దరఖాస్తును ఆమె ఎదుటే తెలుగులో రాసి, చదివి వినిపించి సంతకం పెట్టించాను.