తాతయ్య భుజం మీద కోడిపుంజు

మా ఇంట్లో తాతయ్య మిలటరీ కథ ఒక్క ముక్కలో అయిపోయేది: "బర్మా యుద్ధానికి వెళ్లొచ్చాడు." అంతకు మించి ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. ఆ చుట్టుపక్కలే మిలటరీ మాధవరం ఉంది. తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపుతున్న ఊరికి అంత దగ్గర్లో ఉంటూ, మా తాతయ్య కూడా యుద్ధానికి వెళ్లాడని చెప్పుకుంటే ఎవరు వింటారు?

మామ్మ పోయాక ఆవిడ ట్రంకు పెట్టెలో మూడు ఫోటోలు, గుడ్డలో చుట్టిన మెడల్స్ దొరికాయి. డిశ్చార్జి కాగితాలు ఉండేవట, చెదలు తినేశాయి. కాబట్టి ఏం తెలుసుకున్నా ఆ ఫోటోల నుంచే తెలుసుకోవాలి.

మొదటిది స్టూడియోలో తీయించుకున్న ఫోటో. వెనక రంగులేసిన తెర, పక్కన పూలకుండీ, మధ్యలో ఇరవై రెండేళ్ల తాతయ్య అటెన్షన్‌లో నిలబడి ఉన్నాడు. తల మీద ముందు అంచు లేకుండా, డబ్బాలా నిటారుగా ఉన్న టోపీ. భుజం దగ్గర గుండ్రటి గుడ్డబిళ్ల. ఫోటోని స్కాన్ చేసి పెద్దది చేస్తే అందులో తోక ఎగరేసి నిలబడ్డ కోడిపుంజు స్పష్టంగా కనిపించింది. మా బాబాయి దాన్ని చూసినప్పుడల్లా, "సంక్రాంతి పందేల పిచ్చి మీ తాతకి. మిలటరీకి వెళ్లినా పుంజుని వదల్లేదు" అని నవ్వేవాడు. మేమూ నిజమే అనుకున్నాం.

ఆ టోపీ సంగతి బెంగళూరులో తేలింది. ఉల్సూరు చెరువు దగ్గర మద్రాస్ సాపర్ల కేంద్రం ఉంది. ఇప్పుడు దాన్ని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ అంటారు. రిటైరైన సుబేదారు ఒకాయన ఫోటో చేతిలోకి తీసుకోగానే, "దూప్తా. మా వాడే" అన్నారు. ఆ టోపీ పేరు దూప్తా, అది మద్రాస్ సాపర్ల గుర్తు. సాపర్లంటే రోడ్లు వేసేవాళ్లు, వంతెనలు కట్టేవాళ్లు, మందుపాతరలు ఏరేవాళ్లు. మెడల్స్ కూడా తీసుకెళ్లాను కాబట్టి ఇంకో మంచి జరిగింది. రెండో ప్రపంచయుద్ధానికి ఇచ్చిన నక్షత్రం ఆకారపు మెడల్స్ వెనక బ్రిటిష్ సైనికులకు పేరు చెక్కి ఇవ్వలేదు. భారతీయ సైనికులకు మాత్రం నంబరు, పేరు చెక్కి ఇచ్చారు. తాతయ్య నంబరు అలా దొరికింది. ఇంట్లో ఇలాంటి నక్షత్రం ఉన్నవాళ్లు ఒకసారి తిప్పి చూడండి. దయచేసి చింతపండు పెట్టి తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. ఆ నంబరుతో సర్వీసు రికార్డు కోసం అర్జీ పెట్టాను.

పుంజు సంగతి కూడా ఆయనే చెప్పారు. పసుపు వలయంలో ఎర్ర కోడిపుంజు, అది 23వ భారత డివిజన్ గుర్తు. 1942 జనవరిలో ఝాన్సీలో ఏర్పడిన ఆ డివిజన్‌ని, బర్మా చేజారిపోతున్న రోజుల్లో మణిపూర్‌కి పంపారు. "నువ్వు చూడాల్సింది బర్మా కాదు బాబూ, ఇంఫాల్" అన్నారాయన.

2022 డిసెంబర్లో వెళ్లాను. మణిపూర్‌లో అడుగు పెట్టాలంటే ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి, ఎయిర్‌పోర్టులోనే ఇచ్చారు. పొద్దున్నే ఇమా కైథేల్ అనే బజారుకి వెళ్లాను. దుకాణాలన్నీ ఆడవాళ్లవే. లోపలికి వెళ్లగానే ఎండుచేపల ఘాటు తగిలి నరసాపురం సంతలో ఉన్నట్టే అనిపించింది. ఎరోంబా అనే కూర తిన్నాను. ఉడకబెట్టిన దుంపలు, మిరపకాయలు, ఊరవేసిన చేప కలిపి మెదిపేస్తారు. కారం విషయంలో గోదావరోళ్లం మణిపురీల ముందు నోరెత్తకూడదు.

యుద్ధభూములు చూపించే ఇంఫాల్ కుర్రాణ్ణి మాట్లాడుకుని, మర్నాడు మోరే రోడ్డెక్కాం. పాలేల్ దాకా ఇటూ అటూ కోసేసిన వరిమళ్లు. పాలేల్ దాటాక కొండ మొదలవుతుంది, ఇక అన్నీ మెలికలే. ఇంఫాల్ నుంచి బర్మా సరిహద్దులోని మోరే 110 కిలోమీటర్లు ఉంటుంది. దారిలో అస్సాం రైఫిల్స్ చెక్‌పోస్టుల దగ్గర ఆగుతూ, బ్యాగులు విప్పి చూపిస్తూ పోవాలి.

తెంగ్నౌపాల్‌కి ముందు కుర్రాడు కారు ఆపించాడు. ఇదే షెనమ్. 1944 మార్చిలో జపాన్ 15వ సైన్యం చింద్విన్ నది దాటి వచ్చి, మార్చి 29న ఇంఫాల్-కోహిమా రోడ్డును తెంచేసింది. అక్కణ్ణుంచి జూన్ 22న మైలురాయి 109 దగ్గర దారి మళ్లీ తెరుచుకునే దాకా ఇంఫాల్‌కి బియ్యం, తూటాలు, మందులు అన్నీ విమానాల్లోనే వచ్చాయి. తూర్పు నుంచి వచ్చే జపాన్ వాళ్లని ఆపిన చోట్లలో ఈ షెనమ్ కనుమ ఒకటి. ఇక్కడి గుట్టలకు సైనికులు పెట్టుకున్న పేర్లు జిబ్రాల్టర్, మాల్టా, క్రీట్, సైప్రస్, స్క్రాగీ. మధ్యధరా సముద్రాన్ని తెచ్చి మణిపూర్ కొండల మీద పరిచారన్నమాట!

స్క్రాగీ గుట్ట ఎక్కడానికి రొప్పు వచ్చింది. పైన మోకాలెత్తు గడ్డి, దాని కింద పాము పాకినట్టు వంకర తిరిగిన పల్లం. అది కందకమని కుర్రాడు చెబితే గానీ తెలియలేదు. దిగి నిలబడితే నడుము దాకా వచ్చింది. ఎనభై ఏళ్ల వానలు పూడ్చగా మిగిలిన లోతు అది. అవతలి కందకం చూపించమంటే పక్కనే చెయ్యి చాపాడు. ఇక్కణ్ణుంచి రాయి విసిరితే అందులో పడుతుంది. 1944 వానాకాలమంతా రెండు సైన్యాలూ అంత దగ్గరలో, బురదలో, శవాల మధ్య కూర్చున్నాయి. జులై 24న కోడిపుంజు డివిజన్ దాడి చేసి ఈ గుట్టని తిరిగి పట్టుకుంది.

రెండో ఫోటోలో ఆరుగురు నిక్కర్లతో, పారలు పట్టుకుని ఒక కొండవాలు మీద కూర్చుని ఉన్నారు. వెనక తాతయ్య పెన్సిల్‌తో తెలుగులో ఆరు పేర్లు రాశాడు. ఒక పేరు పక్కన చిన్న గీటు ఉంది. ఆ కొండ ఇదేనా అని ఫోటోని పైకెత్తి చాలాసేపు పోల్చి చూశాను. ఏ కొండైనా అలాగే ఉంది. కుర్రాడు మాత్రం కొండ కన్నా పారలనే చూశాడు. "మీ తాత పోరాడిన దాని కన్నా ఈ రోడ్డు వెడల్పు చేసిన రోజులే ఎక్కువై ఉంటాయి" అన్నాడు. అది నాకు నచ్చింది. మేం వచ్చిన రోడ్డే అది.

మూడో ఫోటో కూడా చూపించాను. అందులో తాతయ్య కాస్త లావెక్కాడు, కుర్చీలో దర్జాగా కూర్చున్నాడు. వెనక స్టూడియో ముద్ర ఉంది, అందులో 'బందూంగ్' అని డచ్చి స్పెల్లింగు. బర్మాలో ఏదో ఊరనుకుని ఎప్పుడూ పట్టించుకోలేదు. కుర్రాడు మెడల్స్ ఫోటోలు అడిగాడు. ఒకదానికి ఊదారంగు రిబ్బన్, మధ్యలో ఆకుపచ్చ చార ఉంది. దాని పైన అడ్డపట్టీ మీద 'ఎస్.ఈ. ఏషియా 1945-46' అని ఉంది. "ఇది జపాన్ యుద్ధానికి ఇచ్చింది కాదు సార్. జావా" అన్నాడు.

కోడిపుంజు డివిజన్ 1944 ఆగస్టులోనే ఇక్కణ్ణుంచి విశ్రాంతికి వెనక్కి వెళ్లిపోయింది. మాండలే, రంగూన్ పట్టుకున్నది వేరే డివిజన్లు. జపాన్ లొంగిపోయాక వీళ్లని మలయాకి, అటునుంచి జావాకి పంపారు. అప్పటికే ఇండోనేషియా స్వతంత్రం ప్రకటించుకుంది. డచ్చివాళ్లు తిరిగి రావాలని చూస్తున్నారు. మధ్యలో మనవాళ్లు. 1945 అక్టోబర్ 30న సురబాయాలో ఈ డివిజన్‌కే చెందిన బ్రిగేడియర్ మాలబీ హతుడయ్యాడు. 1946 మార్చిలో బందూంగ్ జనం తమ ఇళ్లకు తామే నిప్పు పెట్టి ఊరొదిలి పోయారు. సొంత దేశంలో స్వతంత్రం కోసం అందరూ ఎదురుచూస్తుంటే, పరాయి దేశపు స్వతంత్రానికి అడ్డం నిలబడాల్సి వచ్చింది వీళ్లకి. నెహ్రూ అప్పట్లోనే దీన్ని గట్టిగా ఖండించాడు. తాతయ్య ఏం అనుకున్నాడో ఏమో గానీ, "బర్మా" అనే ఒక్క మాట వెనక ఇదంతా సర్దేశాడని మాత్రం నాకు అనిపించింది.

మోరేలో మధ్యాహ్నం ఇడ్లీ తిన్నాం. బర్మా నుంచి వచ్చేసిన తమిళులు అక్కడ గుడి కట్టుకుని స్థిరపడ్డారు. నా వచ్చీరాని తమిళం విని హోటలాయన సాంబారు రెండోసారి వేశాడు.

మర్నాడు లోక్‌తాక్ సరస్సు పక్కన మొయిరాంగ్ వెళ్లాను. 1944 ఏప్రిల్ 14న నేతాజీ సైన్యం ఐఎన్ఏ జెండా ఎగరేసిన చోట మ్యూజియం ఉంది. ఆ వేసవిలోనే ఐఎన్ఏ గాంధీ బ్రిగేడ్ పాలేల్ మీదికి వచ్చింది. అంటే తాతయ్య డివిజన్‌కి ఎదురుగా. మా ఇంటి ముందుగదిలో ఊహ తెలిసినప్పటి నుంచి నేతాజీ పటం ఉంది. పెట్టింది తాతయ్యే. తన మెడల్స్ మాత్రం ఎప్పుడూ గోడెక్కలేదు. నేతాజీ విగ్రహం ముందు ఆ సంగతి గుర్తొచ్చి నవ్వాలో ఏం చెయ్యాలో తెలియలేదు.

ఆఖరి రోజు ఇంఫాల్‌లో భారత సైనికుల శ్మశానవాటికకి వెళ్లాను. 828 సమాధులున్నాయి. దహనం చేసిన హిందూ, సిక్కు సైనికుల పేర్లు వేరే స్మారకం మీద చెక్కారు, 868 మందివి. తాతయ్య గీటు పెట్టిన పేరు కోసం సాపర్ల జాబితా వేలు పెట్టి చదివాను. అదే పేరు దొరికింది, కానీ ఇంటిపేరు లేదు. మన పేర్లలో అదెంత మామూలు పేరో చెప్పక్కర్లేదు. అతనే అని రాసుకోలేదు, ఫోటో తీసుకున్నాను.

రాత్రి మేనత్తకి ఫోన్ చేసి జావా సంగతి చెప్పాను. కాసేపు ఆగి, "అయితే ఏరా, ఆ బర్మా లుంగీ బర్మాది కాదా?" అంది. తాతయ్య తెచ్చిన బట్ట ఒకటి ఆవిడ దగ్గరుందట, నాకెప్పుడూ తెలియదు. వాట్సాప్‌లో పంపింది. గోధుమరంగు మీద మైనంతో గీసి అద్దిన సన్నటి తీగలు. చూడగానే జావా బాతిక్ అని తెలిసిపోతోంది.

2023 మేలో మొదలైన గొడవల తర్వాత మణిపూర్‌లో పరిస్థితి చూస్తుంటే, ఆ రోడ్డు మీద కారులో తిరిగానంటే నాకే నమ్మకం కుదరడం లేదు. తర్వాత వెళ్లాల్సింది బందూంగ్. పాస్‌పోర్టు రెన్యువల్‌కి ఇచ్చాను. ఆ బట్ట కూడా పట్టుకెళ్లి అక్కడ ఎవరికైనా చూపిద్దామని అత్తయ్యని అడిగితే, ఇవ్వనంది. ఫోటోతో సరిపెట్టుకోమంది.