తేలినీలాపురంలో తుపాకీ స్కోపు కబుర్లు

కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి ముక్కనుమ నాడు చీకటితోనే శ్రీకాకుళంలో కారెక్కాం. నేనూ, ఒహాయో నుంచి పండక్కి వచ్చిన మా బావా, వెనక సీట్లో మా తమ్ముడి కొడుకూ. వెళ్తున్నది తేలినీలాపురం, పక్షుల్ని చూడ్డానికి. కానీ వంశధార వంతెన దాటకముందే బావ తన గోల మొదలెట్టాడు. శీతాకాలం వస్తే చాలు, అక్కడ ఆయనకి జింకల వేట పిచ్చి పడుతుంది. లైసెన్సు, సీజను, నారింజ రంగు కోటు, అంతా చట్టప్రకారమే. మన దగ్గరైతే 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక జింక జోలికెళ్తే జైలే. నాకు వేట మీద మనసు లేదు గానీ, దుర్భిణీల అద్దాల గురించి ఎవరైనా మాట్లాడితే మాత్రం ఊరుకోలేను.

తన ట్వెల్వ్ బోర్ షాట్‌గన్‌కి ఏ స్కోపు, అంటే తుపాకీ మీద బిగించే దుర్భిణీ, కొనాలన్నదే ఆయన టెన్షన్. అసలు జింకకి షాట్‌గన్ ఏమిటి, రైఫిల్ ఉండాలి కదా అన్నాను. ఊళ్లూ పొలాలూ కలిసిపోయిన చదును నేల అది, రైఫిల్ గుండు చాలా దూరం పోతుంది, అందుకే చాలాకాలం షాట్‌గన్‌నే అనుమతించారట. 2014 నుంచి కొన్ని రకాల రైఫిళ్లకీ ఒప్పుకున్నా బావ పాతదాన్ని వదల్లేదు. అందులో చిల్లర గుళ్లు వెయ్యరు, స్లగ్ అనే ఒకే ముద్ద వేస్తారు. మామూలుగా ఒక ఔన్సు, అంటే దాదాపు రెండున్నర తులాల సీసం. అది గొట్టం దాటేటప్పుడు భుజం మీద పడే దెబ్బ అంతా ఇంతా కాదు. ఆ మాట అంటూ బావ కుడి కనుబొమ్మ చూపించాడు. మధ్యలో వెంట్రుకలు మొలవని నెలవంక మచ్చ. పాత .22 అనే చిన్న రైఫిల్ స్కోపు తీసి షాట్‌గన్‌కి బిగించాడట. దానికి కన్ను బాగా దగ్గర పెట్టాలి, తుపాకీ వెనక్కి తన్నగానే స్కోపు అంచు నుదుటికి తగిలింది.

"అందుకే ముందు చూడాల్సింది పవర్ కాదురా. కంటికీ అద్దానికీ మధ్య నాలుగంగుళాలైనా ఉండి బొమ్మ నిండుగా కనపడాలి."

నరసన్నపేట, కోటబొమ్మాళి మంచులోనే దాటేశాం. టెక్కలిలో ఇడ్లీ తిని నౌపడ వైపు తిరిగాం.

తేలినీలాపురంలో పక్షుల్ని వెతుక్కోనక్కర్లేదు. ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే కాపురాలు. దగ్గరికెళ్తుంటేనే చేపల నీచు, రెట్టల వాసన గుప్పుమంది. పెలికాన్లు, అదే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, రెండూ పక్కపక్క కొమ్మల్లో. ఒక పిల్ల తల్లి నోటి సంచిలోకి మెడదాకా తల దూర్చేసి రెక్కలు కొట్టుకుంటోంది. ఇవి సైబీరియా నుంచి వస్తాయని అందరూ చెబుతారు గానీ, ఈ రెండూ దక్షిణాసియా పక్షులే. గూళ్లు కట్టుకోడానికి ఇక్కడికి చేరతాయి, తిండికి నౌపడ చిత్తడి నేలలు ఉండనే ఉన్నాయి.

మంచెలాంటి టవరెక్కాక నా పంతులుతనం మొదలైంది. నా దగ్గరున్నది 8×42 బైనాక్యులర్, అంటే ఎనిమిది రెట్ల పవర్, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. మావాడు తిరునాళ్లలో కొన్నదాని మీద తొంభై రెట్లని అచ్చుంది. రెంటినీ చెయ్యి చాచి పట్టుకుని, కన్ను పెట్టే అద్దంలోకి దూరం నుంచే చూడమన్నాను. నాదాంట్లో కందిగింజంత వెలుగు చుక్క గుండ్రంగా నిలబడింది. వాడిదాన్ని జూమ్ చేస్తుంటే ఆ చుక్క కుంచించుకుపోయి సూదిమొనలా మిగిలింది. ముందు అద్దం వెడల్పుని పవర్‌తో భాగిస్తే వచ్చేదే ఆ చుక్క. నాదానికి 42ని 8తో భాగిస్తే అయిదు మిల్లీమీటర్ల పైచిలుకు. కుర్రాళ్లకి చీకట్లో కంటిపాప ఏడు మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది, యాభై దాటిన బావలాంటి వాళ్లకి సుమారు అయిదు. చుక్క అంతకన్నా చిన్నదైతే మసక వెలుతురులో బొమ్మ నల్లబడుతుంది.

బావ వెంటనే లెక్కలోకి దిగాడు. మనసుపడ్డది 3-9×40, అంటే మూడు నుంచి తొమ్మిది రెట్ల దాకా మార్చుకోగల, 40 మిల్లీమీటర్ల అద్దమున్న స్కోపు. తొమ్మిది రెట్లలో చుక్క నాలుగున్నర కూడా రాదు. 2-7×32 అయితే నాలుగు రెట్ల దగ్గర ఎనిమిది. వేటకి అనుమతి సూర్యోదయానికి అరగంట ముందు నుంచి అస్తమయం తర్వాత అరగంట దాకా, జింకలు మెదిలేదీ ఆ వేళల్లోనే. పైగా తొమ్మిది రెట్లలో వంద గజాల అవతల కనిపించే మేర నాలుగు మీటర్లే. చెట్ల మధ్య ముప్పై గజాల్లో జింక ఎదురుపడితే పొట్ట మీది వెంట్రుకలు తప్ప ఇంకేమీ తెలీదు.

"మరి ఆ ఎర్ర చుక్కది బాగోదా పెదనాన్నా?" అన్నాడు మావాడు, వీడియో గేముల అనుభవంతో. రెడ్ డాట్, అంటే అద్దంలో గురి చోట ఎర్ర చుక్క కనిపించేది, దాని సంగతి నాకేం తెలుసు, బావే చెప్పాడు. పవర్ ఉండదు, కన్ను ఎంత దూరంలో ఉన్నా ఫరవాలేదు, రెండు కళ్లూ తెరిచి గురి పెట్టొచ్చు. గొట్టం లోపల గుండుని తిప్పే మరల గాళ్లు లేని తుపాకీకి స్లగ్ గురి డెబ్బై అయిదు గజాలు దాటితే నమ్మలేం కాబట్టి దానికి అదే చాలు. మరల గొట్టం, సాబో అనే ప్లాస్టిక్ తొడుగులో ఉండే స్లగ్ ఉంటే వంద, నూటయాభై గజాలు. అప్పుడే స్కోపుకి విలువ.

ఇంతలో కింద నుంచి ఓ ముసలాయన కేకేశాడు. "ఏటి బాబూ, తుపాకీ తుపాకీ అంతన్నారు? పిట్టల్ని కొడతారేటి?"

బావ గబగబా దిగి, "లేదు తాతా, అమెరికా సంగతులు" అన్నాడు. ఆయనకి నమ్మకం కుదర్లేదు. ఈ పిట్టలు రాని ఏడు ఊరికి మంచిది కాదనీ, పిల్ల కింద పడితే ఎత్తి చూసుకునేది తామేననీ చెప్పి, మేం కారెక్కేదాకా అక్కడే నిలబడ్డాడు. ఆయన కాపలా నాకు నచ్చింది.

తిరుగు దారిలో ఉప్పుమడుల పక్కన ఆగినప్పుడు బావ అసలు చిక్కు బయటపెట్టాడు. ఇప్పుడున్నది నున్నటి గొట్టం, దాని మీదకి ఖరీదైన స్కోపు దండగ. స్కోపు తుపాకీ బాడీకి బిగిస్తే, విడదీసే గొట్టం కాస్త కదిలినా గురి మారిపోతుంది. గొట్టానికే అతికిన పట్టీ మీద స్కోపు కూర్చుంటే రెండూ కలిసే కదులుతాయి. అంటే పట్టీ ఉన్న మరల గొట్టం ముందు, 2-7×32 తర్వాత. మరి రెండింటి ఖర్చు? మా అక్క శాంక్షన్ చెయ్యాలి. ఆ మాట ఇంటికెళ్లాక నన్నే కదపమన్నాడు. నేను టెక్కలి దాటేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.