ఫ్రిజ్‌లో అమ్మ ఇంజెక్షన్లు

అమలాపురంలో కరెంటు పోతే మా ఇంట్లో అందరి చూపూ ఫ్రిజ్ మీదే. అమ్మ ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్లు అందులోనే ఉన్నాయి. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం తప్పకూడదు, గడ్డకట్టనూ కూడదు. క్యాన్సర్‌కి ఇచ్చే కీమో అయ్యాక కనీసం 24 గంటలు ఆగి వేయాలి. ఎముక మజ్జను తొందరపెట్టి, కీమోతో తగ్గిపోయిన, రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలను పుట్టించే మందు కదా, నడుము, తుంటి ఒకటే పీకుడు. "ఎముకల్లో ఎవరో రోకలితో దంచుతున్నట్టుందే" అంటుంది అమ్మ. నొప్పి మాత్ర కూడా డాక్టరుని అడిగాకే. అది జ్వరాన్ని కప్పేస్తుంది. థర్మామీటరు 100.4 చూపిస్తే మాత్రం అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగే.

ఇక చుట్టాలు! బొప్పాయి ఆకు రసం, ఆత్రేయపురం పూతరేకులు పట్టుకుని వరసగా పలకరింపులకు దిగుతున్నారు. దయచేసి దగ్గుతూ, తుమ్ముతూ రాకండి. పూతరేకులు గుమ్మం దగ్గర పెట్టి వెళ్లినా మేమేమీ అనుకోం.