హార్వర్డ్‌లో ఆర్థిక విధానాల శిక్షణ: అసలు సమస్య ఏంటో తేల్చుకోవడానికే సగం టైమ్

బోస్టన్ లోగన్ ఎయిర్‌పోర్టులో దిగాక సిల్వర్ లైన్ బస్సెక్కితే టికెట్ అక్కర్లేదు, సౌత్ స్టేషన్ దాకా ఉచితం, అక్కడ రెడ్ లైన్ రైలు పట్టుకుంటే నేరుగా హార్వర్డ్ స్క్వేర్. మధ్యలో రైలు భూమి పైకి వచ్చి లాంగ్‌ఫెలో వంతెన మీదుగా చార్లెస్ నది దాటుతుంది, కిటికీ సీటు దొరికితే వదలకండి. స్టేషన్ నుంచి నది వైపు కాస్త నడిస్తే హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్ల కెన్నెడీ స్కూల్ వస్తుంది. 1936లో ప్రభుత్వ పాలన నేర్పడానికి పెట్టిన ఈ స్కూల్‌కి 1966లో కెన్నెడీ పేరు పెట్టారు.

నేను వెళ్లింది అక్కడి ప్రొఫెసర్లు రికార్డో హౌస్‌మన్, మ్యాట్ ఆండ్రూస్ రూపొందించిన ఆర్థికాభివృద్ధి నాయకత్వ శిక్షణకి. ఆర్థిక శాఖలు, సెంట్రల్ బ్యాంకుల నుంచి చాలా దేశాల అధికారులు వచ్చారు.

హౌస్‌మన్ 2005లో తోటి ఆర్థికవేత్తలు డానీ రోడ్రిక్, ఆండ్రేస్ వెలాస్కోలతో కలిసి చెప్పిన పద్ధతి మొదట నేర్పారు. సంస్కరణల చాంతాడంత జాబితా పట్టుకుని అన్నీ ఒకేసారి మొదలుపెట్టొద్దు, ఈ రోజు వృద్ధిని గట్టిగా పట్టి ఆపుతున్న అడ్డంకి ఏదో కనిపెట్టండి అంటారు. పెట్టుబడులు రావట్లేదంటే అప్పు దొరక్కనా, దొరికినా లాభం రాదనా? కరెంటే అసలు అడ్డంకి అయితే ఫ్యాక్టరీలు సొంత జనరేటర్లు కొనుక్కుంటూ కనిపిస్తాయి. ఎడారిలో ఒంటెలుంటాయి గానీ నీటిగుర్రాలుండవు కదా, అలాగే ఏ పరిశ్రమలు అక్కడ అసలు పుట్టలేదో చూస్తే కొరత దేనికో తెలుస్తుంది. లెక్కలతో పాటు ఇలా చూడడం నాకు చాలా నచ్చింది.

కానీ నా మనసులో నిలిచిపోయింది చేపముల్లు బొమ్మ గీసిన రోజు. ప్రతి ఒక్కరూ తమ సమస్యను కాగితం మీద రాయాలి, దాని కారణాలను, ఆ కారణాలకు కారణాలను చేప ముళ్లలా పక్కన గీసుకుంటూ పోవాలి. మా గ్రూపులో ఒక ఆర్థిక శాఖ అధికారిణి "మాకు ఆధునిక చెల్లింపుల సాఫ్ట్‌వేర్ లేదు" అని రాశారు. అది సమస్య కాదు, మీకు తోచిన పరిష్కారం లేకపోవడం మాత్రమే, అది లేక ఎవరికి ఏం నష్టం జరుగుతోందో చెప్పండి అన్నారు క్లాసు చెప్తున్నవాళ్లు. కాంట్రాక్టర్లకు బిల్లులు నెలల తరబడి ఆగుతున్నాయట, ఆ ఆలస్యాన్ని ముందే లెక్కేసుకుని వాళ్లు టెండర్లోనే రేటు పెంచి వేస్తున్నారట. ఎందుకు ఆగుతున్నాయి? ఖజానాలో డబ్బు లేదు. ఎందుకు లేదు? పన్ను రాబడి అంచనా ప్రతి ఏడూ ఎక్కువ వేస్తున్నారు. ఎందుకు? తక్కువ అంకె తీసుకెళ్లి మంత్రి ముందు పెట్టే ధైర్యం ఎవరికీ లేదు! గదిలో ఒక్కరూ మాట్లాడలేదు, ఎందుకంటే అది అందరి ఆఫీసుల్లోనూ జరిగేదే. ఏ సాఫ్ట్‌వేర్ కొంటే ఇది తీరుతుంది చెప్పండి?

తర్వాత ప్రతి కారణం పక్కనా మూడు వలయాలు గీయమన్నారు: దాన్ని మార్చడానికి మనకు అధికారం ఉందా, చుట్టూ ఉన్నవాళ్లు ఒప్పుకుంటారా, చేసే సామర్థ్యం ఉందా. మూడూ కలిసే చోటు చిన్నదైనా సరే అక్కడే మొదలుపెట్టి, వారం వారం ఏం జరిగిందో చూసుకుంటూ ముందుకెళ్లాలి. ఆవిడ విషయంలో ఆ చోటు నెలనెలా నగదు అంచనా సవరించి మంత్రి కార్యదర్శికి పంపడం. చూడ్డానికి ఇంతేనా అనిపిస్తుంది, కానీ దానికి ఎవరి అనుమతీ కొత్తగా అడగక్కర్లేదు, రేపే మొదలుపెట్టొచ్చు.

నాయకత్వ శిక్షణ అంటే ఎలా నిలబడాలి, ఎలా ప్రసంగించాలి అని చెప్పేవి చాలానే ఉన్నాయి, నా దృష్టిలో విధానాలు చేసేవాళ్లకు వాటితో పెద్దగా పని లేదు. పైవాళ్లకి చేదు అంకె చెప్పగలగడం, కిందవాళ్లు మనకి చెప్పేలా చూసుకోవడం, ఇవే కావాలి. అందుకే ఇలాంటి క్లాసులకి సెక్రటరీ స్థాయి వాళ్లతో పాటు రోజూ బిల్లులు పాస్ చేసేవాళ్లని కూడా పంపాలని గట్టిగా అనుకుంటున్నాను, ఆ ముళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలిసేది వాళ్లకే.

మీలో ఎవరైనా వెళ్తుంటే మీ ఆఫీసులో ఏళ్లుగా తెగని ఒక్క సమస్యను, దాని అంకెలతో సహా, పట్టుకెళ్లండి. పరిష్కారం మాత్రం రాసుకెళ్లకండి.