పదింటి టీ

పన్నెండు దాటింది. ఆయన గురక మామూలే. నాకు మాత్రం ఆ గ్లాసే కళ్ల ముందు తిరుగుతోంది.

కింద వాచ్‌మన్ భార్యకి రోజూ పదింటికి టీ ఇస్తాను కదా, ఇవాళ ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని, కొంగు ముడి విప్పి ఐరన్ మాత్ర తీసి, ఆ టీతోనే గుటుక్కున మింగింది. టీతో వేసుకుంటే అందులో ఇనుము ఒంటికి సరిగా పట్టదు. "రోజూ ఇలాగేనా?" అంటే, "కూర్చునేది ఇప్పుడే కదమ్మా" అంది. ఐదో నెల. రక్తం 8.6 ఉందట, 11 ఉండాలి.

వాళ్ల పెద్దపిల్లకి రెండేళ్లు. మొన్న అంగన్‌వాడీలో పిల్లల పోషణ చూసే రంగుల టేపు జబ్బకి చుడితే పసుపులో ఆగింది. 11.5 సెంటీమీటర్ల కంటే తగ్గితే ఎరుపే. ఆ పిల్ల చేతిలో ఎప్పుడూ ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్. ఒళ్లు మండి, "పాడేరువైపు మనిషివి, చోడంబలి తాగి పెరిగావు, పిల్లకి ఇదా పెట్టేది?" అని అడిగేశాను.

"అక్కడ చోళ్లు మా పొలంలోవమ్మా. ఇక్కడ కొనాలి."

చోళ్లంటే రాగులే. మా డైనింగ్ టేబుల్ మీద రాగి మాల్ట్ డబ్బా ఉంది. ఆయన షుగర్ కోసం.

చిన్నప్పుడు సాలూరు సంతకి అమ్మమ్మతో వెళ్లేదాన్ని. కొండమీంచి తెల్లవారకముందే దిగి వచ్చేవారు, నెత్తిన చోళ్లు, కందులు, చింతపండు. అమ్మమ్మ కుంచం గోపురంలా నింపించుకుని, పైన ఇంకో గుప్పెడు కొసరు లాక్కునేది. ఆ బేరం గురించి ఇంటికొచ్చి నాలుగు రోజులు చెప్పేది. ఒకావిడ వీపున పసివాడు. సరుకు అమ్మితే వచ్చిన డబ్బుతో ఉప్పూ, ఎండుచేపలూ కొనుక్కుని మళ్లీ కొండెక్కింది. అలాగని కొండమీద అందరూ పుష్టిగా ఉండేవారని అనను. ఆవిడ కళ్లూ పాలిపోయే ఉండేవి.

అసలు కోపం అంగన్‌వాడీ మీద. గుడ్లూ పాలూ అడిగితే "నీ పేరు ఊళ్లో ఉంది, అక్కడ తీయించుకుని రా" అన్నారట. ఒక కూలి పోగొట్టుకుని బస్సెక్కి వెళ్లాలా? పేరు మారినా అవి తెచ్చుకోవాల్సింది పగలే, అప్పుడు ఈ పిల్ల ఎవరింట్లోనో అంట్లు తోముతూ ఉంటుంది. ఎవరింట్లోనో ఏమిటి, నాలుగిళ్లలో ఒకటి మాదే. మధ్యలో వదలమంటే నేను వదులుతానా? తెలీదు.

రేపు టీ బదులు నిమ్మకాయ నీళ్లిస్తే మాత్ర బాగా పడుతుంది. కానీ నేను అడిగినదానికి కోపమొచ్చి టీ మానేశాననుకుంటుందేమో. టీ పదకొండున్నరకి ఇద్దామంటే అప్పటికి మూడో అంతస్తులో ఉంటుంది.