సదరం క్యాంపులో "బానే ఉందండీ" అనకండి

ఎలా ఉన్నారని ఎవరడిగినా "బానే ఉందండీ" అనడం మనకి పుట్టుకతో వచ్చిన అలవాటు. పెళ్లిలో అడిగినా అంతే, సదరం క్యాంపులో, అంటే ఆస్పత్రిలో డాక్టర్లు వైకల్యం ఎంత శాతమో తేల్చే పరీక్షలో, అడిగినా అంతే. ఆ ఒక్క మాట వల్ల మా నాన్నకి రావలసిన వికలాంగుల పెన్షన్ ఏడాదికి పైగా ఆగిపోయింది. ఇంకో ఇంట్లో అలా జరగకూడదని ఇదంతా రాస్తున్నాను, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

నాన్న వడ్రంగి. మాది గోదావరి జిల్లాలో ఒక పల్లెటూరు. చుట్టుపక్కల ఏ ఊళ్లోకి వెళ్లినా ఆయన నిలబెట్టిన గుమ్మాలు, ఆయన చేసిన తలుపులు కనిపిస్తాయి. 2021 చివర్లో కటింగ్ మిషన్ మీద టేకు చెక్క తోస్తుంటే ముడి తగిలి చెక్క ఎగిరింది, కుడిచెయ్యి బ్లేడు మీదికి జారింది. బొటనవేలు మొదలంటా పోయింది, చూపుడువేలు చివరి కణుపు పోయింది. అప్పటికి ఆయనకి 56 ఏళ్లు.

గాయం మానాక మళ్లీ పనిలోకి దిగుదామనే చూశారు. ఎడమచేత్తో సుత్తి అలవాటు చేసుకున్నారు. కానీ సుత్తి ఎడమచేతిలో ఉంటే ఉలి కుడిచేత్తో పట్టాలి కదా, బొటనవేలు లేకుండా ఉలి ఎలా నిలుస్తుంది? దెబ్బ పడగానే పక్కకి ఒరిగిపోయేది. చిత్రిక పట్టబోతే అది అడ్డం తిరిగేది. నాలుగు నెలలు అలా కుస్తీ పట్టి, ఒకరోజు సామానంతా గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టేశారు. ఎవరితోనూ ఏమీ అనలేదు.

పెన్షన్ మాట ఎత్తింది అమ్మ. నాన్న ఒప్పుకోలేదు. "ఒకరి ముందు చెయ్యి చాపాలా?" అన్నారు. నేను హైదరాబాద్‌లో ఉంటాను, రోజూ ఫోన్లో ఇదే గొడవ. నలభై ఏళ్లు చెమటోడ్చిన మనిషి పని చెయ్యలేని స్థితిలో పడితే ఆదుకోవలసిన బాధ్యత ప్రభుత్వానిది, అది దానం కాదు, అని నేను గట్టిగా నమ్ముతాను. ఆయనకి మాత్రం ఆ మాట ఎక్కడానికి చాలా రోజులు పట్టింది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఆంధ్రలో వికలాంగుల పెన్షన్‌కి మొదటి మెట్టు సదరం సర్టిఫికెట్. దానికి స్లాట్ బుక్ చెయ్యాలి. మా దగ్గర గ్రామ సచివాలయంలో చేశారు, మీ సేవలోనూ చేస్తారు. స్లాట్లు ఎప్పుడూ తెరిచి ఉండవు, తెరిచినప్పుడు కూడా గబగబా నిండిపోతాయి, అందుకని సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ని అప్పుడప్పుడు అడుగుతూ ఉండటం మంచిది. ఆధార్‌కి ఫోన్ నంబర్ లింక్ అయి ఉందో లేదో కూడా ముందే చూసుకోండి. నాన్న ఆధార్‌కి ఎప్పటిదో పాత నంబర్ ఉంది, ఆ సిమ్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు, ఓటీపీ రాక మాకు ఒక స్లాటు అలాగే పోయింది.

2022 వేసవిలో తేదీ వచ్చింది. నేను సెలవు పెట్టి వెళ్లాను. ఆస్పత్రి పేరు రాయను. పొద్దున్నే వెళ్తే మధ్యాహ్నం రెండింటికి పిలిచారు. ఎముకల డాక్టరు గారు చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశారు, ఎక్స్‌రే చూశారు. "నొప్పేమైనా ఉందా పెద్దాయనా?" అని అడిగారు. నాన్న నిటారుగా కూర్చుని "లేదండీ, బానే ఉంది" అన్నారు. "పనులు చేసుకుంటున్నారా?" "చేసుకుంటున్నానండీ." మొత్తం కలిపి మూడు నిమిషాలు కూడా పట్టలేదు. నేను పక్కనే నిలబడి ఉన్నాను, నాకూ ఏమీ తట్టలేదు, పెద్దాయన మర్యాదగా మాట్లాడారనే అనుకున్నాను.

సర్టిఫికెట్‌లో 35 శాతం వచ్చింది. పెన్షన్‌కి కనీసం 40 ఉండాలి.

అప్పుడు కూర్చుని ఈ శాతాలు ఎలా వేస్తారో చదివాను. కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక పట్టిక ఉంటుంది. మోకాలి పైదాకా కాలు పోతే ఇంత, మణికట్టు దగ్గర చెయ్యి పోతే 60, ఇలా. బొటనవేలు మొదలంటా పోతే 30. చూపుడువేలు చివరి కణుపుకి 5. మా నాన్న లెక్క అక్కడ సరిగ్గా సరిపోయింది, డాక్టరు గారు తప్పేమీ చెయ్యలేదు. ఆ పట్టిక చేతిని కొలుస్తుంది, ఆ చెయ్యి ఏం పని చేసేదో దానికి అక్కర్లేదు. లెక్చరర్ బొటనవేలుకీ 30 శాతమే, వడ్రంగి బొటనవేలుకీ 30 శాతమే. ఒకరికి రాత కష్టమవుతుంది, ఇంకొకరికి బతుకుతెరువే పోతుంది.

ఇది నాకు చాలా అన్యాయంగా అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. ఎందుకంటే మన దేశంలోనే ఇంకో చట్టం కింద వేరేగా చూశారు. 1968లో ఒరిస్సాలోని జయపురంలో, మన విజయనగరం జిల్లా దాటి కాస్త పైకి వెళ్తే వచ్చే ఊరే, ఒక సినిమా హాల్లో పని చేస్తున్న వడ్రంగి కింద పడ్డాడు, ఎడమ చెయ్యి మోచేతి పైదాకా తీసెయ్యాల్సి వచ్చింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒంటిచేత్తో వడ్రంగం చెయ్యలేరు కాబట్టి అతను సంపాదించే శక్తి నూటికి నూరు శాతం పోయినట్టేనని 1975లో తీర్పు ఇచ్చారు. పనిలో గాయపడినవాళ్లకి యజమాని నష్టపరిహారం కట్టాలనే చట్టం కింద వచ్చిన తీర్పు అది. కానీ ఆ చట్టం ఒకరి కింద జీతానికో కూలికో పని చేసేవాళ్లకి. మా నాన్నలా సొంతంగా పని చేసుకునేవాళ్లకి యజమాని ఎవరు? ఎవరి మీద వేస్తారు కేసు? మా ఊళ్లో తాపీ పని, దర్జీ పని, కుమ్మరి పని చేసుకునే అందరిదీ ఇదే పరిస్థితి. వాళ్లకి ఉన్నది ఈ పట్టిక ఒక్కటే. (పరిశ్రమలో పని చేస్తూ ఈఎస్ఐ (కార్మికుల బీమా) ఉన్నవాళ్లు మాత్రం ముందు అక్కడ అడగండి, వాళ్ల దారి వేరు.)

అయితే ఆ మార్గదర్శకాలు చివరిదాకా చదివితే ఇంకో రెండు మాటలు కనిపించాయి. వాటం ఉన్న చెయ్యి అయితే అదనంగా 4 శాతం కలపాలి. తెగినచోట నరం గడ్డకట్టడం, కీళ్లు బిగుసుకుపోవడం లాంటి ఇబ్బందులుంటే 10 శాతం దాకా కలపవచ్చు.

ఆ దసరాకి ఇంటికి వెళ్లాను. అంతవరకూ నేను చూసీ చూడనివి అప్పుడు కళ్లు పెట్టి చూశాను. నాన్న అందరితో కలిసి అన్నానికి కూర్చోవడం మానేశారు. మన ముద్ద నోట్లోకి తోసేది బొటనవేలే అని మనం ఎప్పుడైనా ఆలోచించామా? నాలుగు వేళ్లతో అన్నం పైకి ఎత్తుతారు, నోటిదాకా వచ్చేసరికి సగం కంచంలో పడిపోతుంది. అందుకని అందరూ తిన్నాక, వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుని ఎడమచేత్తో చెంచాతో తింటున్నారు. చొక్కా గుండీలు అమ్మ పెడుతుంది. పొద్దున్నే ముఖం కడుక్కుంటూ పొరపాటున కుడిచేత్తో చల్లని చెంబు పట్టుకున్నారు, కరెంటు షాకు కొట్టినట్టు చెయ్యి వెనక్కి లాగేసుకున్నారు, చెంబు వెళ్లి గట్టు కింద పడింది. "ఏమైంది నాన్నా?" అంటే "ఏం లేదమ్మా, జారింది."

అమ్మ చెప్పింది, రాత్రుళ్లు లేని వేలు నొప్పి పుడుతుందని లేచి కూర్చుంటారట. దాదాపు ఏడాది నుంచీ. డాక్టరుకి చెప్పలేదు, నాకు చెప్పలేదు.

అమలాపురం నుంచి వచ్చి చూసే ఒక ఎముకల డాక్టరుకి చూపించాం. తెగిన నరం కొస చిన్న గడ్డలా కట్టింది, న్యూరోమా అంటారన్నారు, వేలితో నొక్కగానే నాన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. అది కాగితం మీద రాయించుకున్నాం. సర్టిఫికెట్ మీద అభ్యంతరం ఉంటే అప్పీలు చేసుకునే హక్కు 2016 వికలాంగుల హక్కుల చట్టంలోనే ఉంది, 59వ సెక్షన్. మా అర్జీలో గొప్ప భాషేమీ లేదు. పాత సర్టిఫికెట్, ఎక్స్‌రే, కొత్త డాక్టరు కాగితం, "కుడిచేతి వాటం, తెగినచోట న్యూరోమా, ఈ రెండూ లెక్కలోకి రాలేదు, మళ్లీ పరీక్ష చేయించండి" అని ఒక్క పేజీ. ఇచ్చిన ప్రతి కాగితానికీ జిరాక్స్ మీద తేదీతో ముద్ర వేయించుకున్నాం. ఈ ముద్ర విషయం మొహమాటపడకండి, ఆ తర్వాత రెండుసార్లు "మీ అర్జీ మా దగ్గర లేదు" అన్నప్పుడు ఆ ముద్రే మమ్మల్ని కాపాడింది.

పరీక్షకి ముందు పది రోజులు నాన్న ఏం చెయ్యలేకపోతున్నారో అమ్మ క్యాలెండర్ వెనక రాసింది. అబద్ధం ఒక్కటి లేదు. అబద్ధం అక్కర్లేదు కూడా, ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు. నాన్నతో మాత్రం ఒట్టు వేయించుకున్నాం, నొప్పి ఉందా అంటే ఉందని చెప్పాలని.

2023లో రెండోసారి పరీక్ష జరిగింది. 45 శాతం వచ్చింది.

సర్టిఫికెట్ వస్తే పెన్షన్ దానంతట అది రాదు, మళ్లీ సచివాలయంలో వేరే దరఖాస్తు పెట్టాలి. రైస్ కార్డు, పల్లెల్లో కుటుంబ ఆదాయం నెలకి 10,000 లోపు, పట్నాల్లో 12,000 లోపు, మాగాణి అయితే 3 ఎకరాల లోపు, నెలకి 300 యూనిట్ల లోపు కరెంటు, ఇవన్నీ చూశారు. మాకు వాటితో ఇబ్బంది లేకపోయింది. ఆ ఏడాది రెండో సగంలో మొదటి 3,000 చేతికొచ్చింది. 2024 జులై 1 నుంచి అది 6,000 అయింది, పేరు ఎన్టీఆర్ భరోసా. తెలంగాణలో ఆసరా పెన్షన్ 2023 జులైలో 4,016 అయింది. ఇందులో కేంద్రం వాటా చాలా తక్కువ. వైకల్యం 80 శాతం గానీ ఆపైన గానీ ఉండి, దారిద్య్రరేఖకి దిగువన ఉంటేనే నెలకి 300. అంతే.

6,000తో ఇల్లు గడవదు. కానీ బియ్యం, మందులు, గ్యాసు గడుస్తాయి, వాటికోసం కూతురిని అడగక్కర్లేదన్న ధీమా నాన్న గొంతులో తెలుస్తుంది, నాకు అది చాలు. ఒకటో తారీఖున సచివాలయం అబ్బాయి పెన్షన్ ఇవ్వడానికి వచ్చినప్పుడు ఎడమ చేతి వేలు పెడితే వేలిముద్ర మిషన్ ఒక్కోసారి తీసుకోదు, చిత్రిక పట్టీ పట్టీ గీతలు అరిగిపోయాయి. అప్పుడు వేరే వేళ్లు ఒక్కొక్కటే పెట్టి చూస్తారు. ఆ అబ్బాయి ఓపిగ్గా చేస్తాడు, అతనికి నమస్కారం.

2025లో సర్టిఫికెట్లన్నీ మళ్లీ పరిశీలిస్తున్నారని ఊళ్లో గోల. దొంగ సర్టిఫికెట్లు ఉంటే ఏరెయ్యాల్సిందే, కాదనను, కానీ నిజంగా లేవలేనివాళ్లు కూడా ఆటోలు కట్టించుకుని వరసల్లో కూర్చోవడం చూస్తే కడుపు తరుక్కుపోయింది. నాన్నకీ పిలుపు వచ్చింది. నాకు సెలవు దొరకలేదు, అమ్మకి జ్వరం. ఒక్కరే వెళ్లారు.

వచ్చాక ఫోన్ చేశారు. ఏమడిగారు నాన్నా అంటే, నొప్పి ఉందా అని అడిగారమ్మా అన్నారు. మీరేం చెప్పారు? "చెప్పడం ఎందుకని రాసుకుని వెళ్లానమ్మా, ఇచ్చాను, చదువుకున్నారు." ఆ కాగితం ఫొటో వాట్సాప్‌లో పంపారు. ఎడమచేత్తో రాసింది, అక్షరాలన్నీ ఒకవైపుకి వాలి ఉన్నాయి. చల్లనీళ్లు తగిలితే నొప్పి. రాత్రి నిద్ర లేదు. గుండీలు పెట్టుకోలేను. అన్నం కలుపుకోలేను. ఉలి పట్టలేను.

పెన్షన్ కొనసాగుతోంది.