ఆర్‌టీఓఎస్ లైసెన్స్ సరే, పక్క ఫోల్డర్ సంగతేంటి?

కొత్త ప్రాడక్ట్ మొదలుపెట్టిన ప్రతిసారీ టీమ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు, "ఫ్రీఆర్‌టీఓఎస్ వాడితే మన కోడ్ అంతా బయట పెట్టాలా?" అని. అక్కర్లేదు. (ఆర్‌టీఓఎస్ అంటే చిన్న పరికరాల్లోని మైక్రోకంట్రోలర్ చిప్ మీద పనుల్ని సమయానికి నడిపే ఆపరేటింగ్ సిస్టమ్, దాని గుండెకాయ కెర్నల్. ఫ్రీఆర్‌టీఓఎస్ అలాంటివాటిలో ఒకటి.) ఒకప్పుడు ఈ జవాబు చెప్పడానికి లాయర్‌ని కూర్చోబెట్టుకోవాల్సి వచ్చేది, ఇప్పుడు ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. అయితే ఆ ఒక్క ముక్క వినగానే అందరూ హమ్మయ్య అనుకుని లైసెన్స్ అనే మాటే మర్చిపోతారు చూడండి, నాకు టెన్షన్ మొదలయ్యేది అక్కడే. కెర్నల్ లైసెన్స్ తలనొప్పి దాదాపు తీరిపోయింది. చిక్కంతా ఇప్పుడు కెర్నల్ పక్కనున్న ఫోల్డర్లలో ఉంది, వాటిని తెరిచి చదివేవాళ్లు చాలా తక్కువ.

అసలు ఆర్‌టీఓఎస్ దగ్గరే ఈ ప్రశ్న ఎందుకు అంత పెద్దదైంది? లినక్స్‌లో కెర్నల్ వేరు, దాని మీద నడిచే ప్రోగ్రాములు వేరు. మామూలు సిస్టమ్ కాల్స్‌తో కెర్నల్‌ని వాడుకునే ప్రోగ్రాములకు జీపీఎల్ (తనతో కలిపి పంచే కోడ్ సోర్స్ కూడా ఇవ్వాలనే లైసెన్స్) అంటుకోదని లినక్స్ లైసెన్స్ ఫైల్లోనే రాసి పెట్టారు. మైక్రోకంట్రోలర్‌లో ఆ గోడ లేదు. కెర్నల్, డ్రైవర్లు, మనం రాసిన అప్లికేషన్ అన్నీ లింకర్ కలిపేసి ఒకే బైనరీగా ఫ్లాష్‌లోకి ఎక్కిస్తాం. పులిహోర కలిపేశాక చింతపండు గుజ్జు వేరు చేయమంటే ఎలా? అందుకే ఏ సడలింపూ లేని జీపీఎల్ కెర్నల్‌ని లింక్ చేస్తే మోటార్ కంట్రోల్ అల్గారిథమ్‌తో సహా మొత్తం ఫర్మ్‌వేర్ సోర్స్ ఇవ్వాల్సి వస్తుందని కంపెనీలు భయపడేవి, ఆ భయంలో న్యాయం ఉంది.

2003లో రిచర్డ్ బ్యారీ ఫ్రీఆర్‌టీఓఎస్ మొదలుపెట్టినప్పటి నుంచీ ఆయనకీ ఈ ఇబ్బంది తెలుసు. అందుకే అది జీపీఎల్ రెండో వెర్షన్‌కి ఒక మినహాయింపు తగిలించుకుని వచ్చేది: కెర్నల్‌ని మారిస్తే ఆ మార్పులు బయట పెట్టాలి, దానికి బయట ఉన్న మీ సొంత కోడ్ మీ దగ్గరే ఉంచుకోవచ్చు. ఇంకో వింత షరతు కూడా ఉండేది, చాలామంది గమనించలేదు. అనుమతి లేకుండా ఫ్రీఆర్‌టీఓఎస్ వేగాన్ని, సైజునీ వేరే కెర్నళ్లతో పోల్చి అంకెలు ప్రచురించకూడదు! ఓపెన్ సోర్స్ అని పేరు పెట్టి బెంచ్‌మార్క్ వేయొద్దంటే ఎలాగండీ అని నవ్వుకునేవాళ్లం. ఇదంతా వద్దనుకునే కంపెనీలకు అదే కోడ్‌ని ఓపెన్‌ఆర్‌టీఓఎస్ పేరుతో కమర్షియల్ లైసెన్స్ కింద అమ్మేవాళ్లు. అంటే డబ్బు కట్టేది కొత్త ఫీచర్ల కోసం కాదు, లాయర్ ప్రశాంతంగా నిద్రపోవడం కోసం. 2017లో ప్రాజెక్ట్ అమెజాన్ చేతికి వెళ్లి, ఆ ఏడాది చివర్లో వచ్చిన పదో వెర్షన్‌తో, మన సోర్స్ అడగని ఎంఐటీ లైసెన్స్‌లోకి మారింది. మినహాయింపు పోయింది, బెంచ్‌మార్క్ షరతూ పోయింది.

ఆ తర్వాత మిగతావాళ్లూ ఒక్కొక్కరే అటే నడిచారు. జేఎన్‌టీయూ ఎంటెక్ సిలబస్‌లో వీఎక్స్‌వర్క్స్ పక్కన చదివిన మైక్రోసీ ఓఎస్-టూ అనే ఆర్‌టీఓఎస్ గుర్తుందా? దాని సోర్స్ పుస్తకంతో పాటే వచ్చేది కాబట్టి ఫ్రీ అనుకుని ప్రాడక్టుల్లో పెట్టేసినవాళ్లు ఉన్నారు. సోర్స్ కంటికి కనిపించడం వేరు, వాడుకునే హక్కు ఉండటం వేరు. చదువుకోవడానికి ఫ్రీ, అమ్మే వస్తువులో పెట్టాలంటే లైసెన్స్ కొనాలి. జీన్ లబ్రాస్ పెట్టిన ఆ మైక్రియం కంపెనీని 2016లో సిలికాన్ ల్యాబ్స్ కొనుక్కుంది, 2020లో కోడ్‌ని అపాచీ 2.0 (ఇదీ ఎంఐటీ లాగే మన సోర్స్ అడగని లైసెన్స్) కింద వదిలేసింది.

థ్రెడ్‌ఎక్స్ కథ ఇంకా బాగుంటుంది. రాస్ప్‌బెర్రీ పై గ్రాఫిక్స్ ప్రాసెసర్ ఫర్మ్‌వేర్ లోపల నడిచేది కూడా ఇదే. ఎక్స్‌ప్రెస్ లాజిక్ అనే కంపెనీ ఏళ్ల తరబడి అమ్ముకున్న కెర్నల్ ఇది. 2019లో మైక్రోసాఫ్ట్ కొని అజూర్ ఆర్‌టీఓఎస్ అని పేరు మార్చింది, సోర్స్ గిట్‌హబ్‌లో పెట్టింది, కానీ జాబితాలో ఉన్న చిప్‌ల మీద అయితేనే ప్రొడక్షన్‌కి ఉచితం అంది. గిట్‌హబ్‌లో ఉంది కదా అని ఓపెన్ సోర్స్ అనేసుకున్నవాళ్లు అప్పుడూ బోలెడుమంది. 2023 నవంబర్‌లో దాన్ని ఎక్లిప్స్ ఫౌండేషన్‌కి అప్పగిస్తున్నట్టు ప్రకటించాక గానీ నిజంగా ఎంఐటీ కిందకి రాలేదు. దాన్ని రాసిన బిల్ లామీ మాత్రం 2023లోనే పీఎక్స్5 అని ఇంకో కమర్షియల్ ఆర్‌టీఓఎస్‌తో మళ్లీ దుకాణం తెరిచాడు. సేఫ్టీ సర్టిఫికేషన్ కాగితాలకి, సపోర్ట్‌కి డబ్బిచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు మరి. ఎంఐటీ లైసెన్స్ చెప్పేది "ఉన్నది ఉన్నట్టు తీసుకోండి, మాకు బాధ్యత లేదు" అనే కదా, ఆ ముక్క పట్టుకుని మెడికల్ డివైస్ ఆడిటర్ ముందు కూర్చోలేం.

జెఫిర్, నట్‌ఎక్స్ అనే ఆర్‌టీఓఎస్‌లు కూడా అపాచీ 2.0. చూసుకుని అడుగు వేయాల్సినవి కొన్ని మిగిలాయి. చిబిఓఎస్ కెర్నల్ జీపీఎల్ మూడో వెర్షన్, లేదా కమర్షియల్ లైసెన్స్. రయట్ ఎల్‌జీపీఎల్, అంటే లైబ్రరీని మార్చుకుని మళ్లీ లింక్ చేసుకునేలా మీ ఆబ్జెక్ట్ ఫైళ్లు ఇవ్వగలగాలి. ఇక్కడిదాకా ఎవరైనా గంటలో తెలుసుకోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మనలో ఎవరూ ఆర్‌టీఓఎస్‌ని ఒంటరిగా వాడం. చిప్ కంపెనీ ఇచ్చిన ఎస్‌డీకే (ఆ చిప్‌కి కావాల్సిన కోడ్ మూట) దింపుకుంటాం, అందులో ఒక మూల ఫ్రీఆర్‌టీఓఎస్ ఉంటుంది, దాని చుట్టూ యూఎస్‌బీ స్టాక్, బ్లూటూత్ స్టాక్, బూట్‌లోడర్, ఏదో క్రిప్టో లైబ్రరీ. ప్రతి ఫోల్డర్‌కీ దాని లైసెన్స్ దానికి ఉంటుంది. ఉదాహరణకి ఎస్‌టీ అనే చిప్ కంపెనీ ఇచ్చే హాల్ కోడ్ (చిప్ హార్డ్‌వేర్‌తో మాట్లాడే పొర) చాలావరకు బీఎస్‌డీ, అదీ ఎంఐటీ లాంటి లైసెన్సే. కానీ దాంతో పాటు వచ్చే యూఎస్‌బీ డివైస్ లైబ్రరీ లాంటి మిడిల్‌వేర్‌లో ఎస్‌ఎల్‌ఏ0044 అనే లైసెన్స్ కనిపిస్తుంది, ఆ కోడ్ ఎస్‌టీ మైక్రోకంట్రోలర్ల మీద మాత్రమే నడవాలని అది చెబుతుంది. ఇంకో చిప్ కంపెనీ నార్డిక్ తన సొంత కోడ్‌కి వాడే అయిదు షరతుల లైసెన్స్ కూడా అంతే, మార్చినా మార్చకపోయినా నార్డిక్ చిప్‌తోనే వాడాలి. చూడ్డానికి బీఎస్‌డీలాగే ఉంటుంది, పైనుంచి మూడు షరతులు చదివి మూసేస్తే నాలుగోది కంటపడదు. వాళ్లని తప్పుపట్టడానికి ఏమీ లేదు, చిప్ అమ్ముకోవడానికే కదా కోడ్ ఉచితంగా ఇస్తున్నారు.

మామూలు రోజుల్లో ఇది ఎవరికీ నొప్పి కాదు. 2021లో చిప్‌ల కొరత వచ్చినప్పుడు తెలిసొచ్చింది. ఎస్‌టీ వాళ్ల ఎస్‌టీఎం32 చిప్‌లు దొరక్క, అవే పిన్నులతో వచ్చే గిగాడివైస్ జీడీ32 లాంటివాటి వైపు చాలామంది చూశారు. బోర్డ్ మార్చక్కర్లేదు, బైనరీ కాస్త సర్దితే నడిచేస్తుంది, పర్చేజ్ డిపార్ట్‌మెంట్ సంతోషం. కెర్నల్ ఎంఐటీ కాబట్టి ఎక్కడికైనా వస్తుంది. యూఎస్‌బీ లైబ్రరీకి మాత్రం అక్కడికి వచ్చే హక్కు లేదు. టెక్నికల్‌గా నడిచేదానికీ, చట్టం ఒప్పుకునేదానికీ ఉన్న తేడా నాకు అంత స్పష్టంగా ఇంకెక్కడా కనపడలేదు. కొత్త డిజైన్‌లో యూఎస్‌బీకి టైనీయూఎస్‌బీ లాంటి ఎంఐటీ స్టాక్ పెట్టుకోమని నేను మొదటి రోజే గొడవ పెట్టేది ఇందుకే.

రెండో విషయం, ఎంఐటీ అంటే ఏమీ చేయక్కర్లేదు అనుకోవడం. కాపీరైట్ నోటీసు కాపీలతో పాటు వెళ్లాలన్న ఒక్క షరతు అందులో ఉంది, దాన్ని కూడా పాటించని ప్రాడక్టులు బజార్లో కుప్పలు. స్క్రీన్ లేని వాటర్ మీటర్‌లో నోటీసు ఎక్కడ పెడతాం అంటారు. మాన్యువల్ చివర ఒక పేజీ పెట్టండి, లేదా యాప్‌లో "అబౌట్" కింద వేయండి. అపాచీ అయితే లైసెన్స్ కాపీతో పాటు, ప్రాజెక్ట్‌లో నోటీస్ ఫైల్ ఉంటే అందులోని విషయమూ ఇవ్వాలి.

యూరప్‌కి ఎగుమతి చేసేవాళ్లు దీన్ని ఇక వాయిదా వేయలేరు. అక్కడి సైబర్ రెసిలియన్స్ యాక్ట్ 2024 డిసెంబర్‌లో అమల్లోకి వచ్చింది, ముఖ్యమైన బాధ్యతలు 2027 డిసెంబర్ 11 నుంచి వర్తిస్తాయి. ప్రాడక్ట్‌లో ఏ సాఫ్ట్‌వేర్ భాగాలున్నాయో జాబితా తయారుచేసి పెట్టుకోవాలి. అది సెక్యూరిటీ కోసం అడిగిన జాబితా, నిజమే, కానీ ఎలాగూ రాస్తున్నప్పుడు ప్రతి భాగం పక్కన లైసెన్స్ కూడా రాసేస్తే పోలా. జెఫిర్ వాడేవాళ్లకి వెస్ట్ ఎస్‌పీడీఎక్స్ అనే కమాండ్ ఈ పని చాలావరకు చేసిపెడుతుంది, పైగా అందులో చిప్ కంపెనీల బైనరీ బ్లాబ్‌లు (సోర్స్ లేకుండా ఇచ్చే కోడ్) వాటంతటవే రావు, వేరే కమాండ్ ఇచ్చి తెచ్చుకోవాలి కాబట్టి ఏం తెచ్చుకున్నామో తెలుస్తుంది. మిగతావాళ్లు లింకర్ ఇచ్చే మ్యాప్ ఫైల్ తెరవండి. ఎస్‌డీకేలో వేల ఫైళ్లున్నా బైనరీలోకి వెళ్లినవి ఏవో అందులో పేరుపేరునా ఉంటాయి. ఆ సోర్స్ ఫైళ్లు ఒక్కొక్కటీ తెరిచి పైన కామెంట్‌లో ఏం రాసుందో చదవండి, మాక్రోలు, హెడర్లలోని ఇన్‌లైన్ ఫంక్షన్లు మ్యాప్‌లో కనపడవు కాబట్టి హెడర్ ఫైళ్లు కూడా. ఒక మధ్యాహ్నం పని, కొత్తగా చేరిన కుర్రాడికి అప్పగించకుండా బోర్డ్ డిజైన్ ఖరారు కాకముందే మీరే చేసుకోండి.